అవసరం అర్థంకాని ఆచార్యులవారు

ఆయన పోయాడని ఫోన్ చేసి చెప్పింది మా కాలేజీ పాత విద్యార్థి. తెలుగు పిల్లవాడే, గుడియాత్తం వైపు వాడు, ఇప్పుడు పెద్ద ఉద్యోగంలో ఉన్నాడు. "సార్ పేరుతో ఒక పుస్తకం యేస్తా ఉండాం మేడం. మీరు గూడా రెండు పేజీలు రాసియ్యాల. అందరికీ ఒకటే తలైప్పు ఇచ్చినాం: మాకు వినడం నేర్పించిన గురువు" అన్నాడు.

వినడం! ఆ మాట దగ్గర నాకు ఒళ్ళు మండింది. చూస్తానని చెప్పి ఫోన్ పెట్టేశాను. పోయినవాళ్ళ గురించి మంచే మాట్లాడాలని మా ఇంట్లో పెంచారు. ఆ పెంపకానికి ఇవాళ సెలవు. రెండు పేజీలూ రాస్తున్నాను, ఆ పుస్తకానికి మాత్రం పంపను. పేరు కూడా రాయను. రాస్తే ఆయన పిల్లలు బాధపడతారు. వాళ్ళు నాకేమీ చెయ్యలేదు.

ఆయన మా వేలూరు కాలేజీకి వచ్చినప్పుడు దేశం తలుపులు బార్లా తెరుస్తున్నామని పేపర్లన్నీ రాస్తున్నాయి. రోడ్డు మీద కొత్త రకం కార్లు, వీధి మొగలో ఎస్టీడీ బూతులు, ఇళ్ళ మీద కేబుల్ తీగలు. ఆ కొత్తల్లోనే ఈ కొత్త. పొడుగాటి మనిషి, ఖద్దరు లాల్చీ, భుజాన గుడ్డ సంచీ. సంచీలో ఎప్పుడూ ఒక మినరల్ వాటర్ సీసా. నీళ్ళు కొనుక్కుని తాగే మనిషిని మా స్టాఫ్ రూములో మొదటిసారి చూసింది ఆయన్నే. మా మట్టికుండ వైపు ఒక చూపు చూసి, నవ్వి, సంచీలోంచి సీసా తీసి, మూత తిప్పి, రెండు గుక్కలు తాగి, మళ్ళీ మూత బిగించి పెట్టుకునేవాడు. ఆ బిగించడంలో ఒక శ్రద్ధ ఉండేది.

మాట్లాడటం మొదలుపెడితే రెండు చేతులూ పైకెత్తేవాడు. కుడిచేతి వేళ్ళు ఎడమచేతి వేళ్ళలోకి దూర్చి, "శాస్త్రాలు ఇలా కలవాలి" అనేవాడు. ఆ కలిపిన చేతుల్ని అలాగే పట్టుకుని అటూ ఇటూ తిప్పి అందరికీ చూపించేవాడు. ఎదుటివాళ్ళు తల ఊపేదాకా విడదీసేవాడు కాదు. పాపం మా ప్రిన్సిపాల్‌కి మెడనొప్పి, ఆయన చాలాసార్లు తల ఊపవలసి వచ్చింది.

చెప్పేది మాత్రం మంచి మాటే. అబద్ధం ఆడను. నది పాడైతే అది కెమిస్ట్రీ వాళ్ళ సంగతా, ఎకనామిక్స్ వాళ్ళ సంగతా అని నది అడగదు. కాబట్టి అన్ని శాఖల పిల్లలూ ఒకేచోట కూర్చోవాలి, ఊరి జనాన్ని కూడా తమతో కూర్చోబెట్టుకోవాలి, వాళ్ళు చెప్పింది వినాలి, మన వెనక వచ్చేవాళ్ళకి నేలా నీరూ మిగిలేలా చదువు సాగాలి. దీనికి ఆయన ట్రాన్స్‌డిసిప్లినరీ అని ఒక పేరు తెచ్చాడు. మా అటెండరుకి అది నోరు తిరగక "ట్రాన్స్‌ఫార్మర్ క్లాసు" అన్నాడు. రెండో వారానికల్లా కాలేజీ అంతటికీ అదే పేరు. ఆయన ఆ పేరుకి కోపం తెచ్చుకోలేదు, అదొక్కటీ ఒప్పుకోవాలి. ఇంకో సంగతీ ఒప్పుకుంటాను. పాలారు గట్టున పుట్టి పాలారు వాసన ఎరగనట్టు తిరిగే మా పిల్లల్ని బస్సెక్కించి ఏట్లోకి దింపింది ఆయనే. నేను అంతకుముందు ఎన్నోసార్లు అడిగినా దొరకని బస్సు ఆయన అడగ్గానే దొరికింది.

మంచి మాట చెడ్డ మనిషి నోట్లో పడితే దాన్ని తిట్టడానికి కూడా ఉండదు. నా కడుపుమంట అదే.

"గోడలు పడగొట్టాలి" అన్నది ఆయన ఊతపదం. ఊతపదంగా ఉన్నంతసేపూ బాగానే ఉంది. ఒక సెలవుల్లో నిజంగానే పడగొట్టించాడు. నా కెమిస్ట్రీ లాబ్‌కీ పక్కనున్న ఎకనామిక్స్ క్లాసుకీ మధ్య గోడ తీయించి, రెండూ కలిపి ఒక హాలు చేయించాడు. పనికొచ్చిన మేస్త్రీ కాట్పాడి మనిషి, మన తెలుగే. సమ్మెట పట్టుకుని నన్ను అడిగాడు.

"గోడ బాగానే ఉండాది గదమ్మా. ఎందుకు తీసేది?"

"శాస్త్రాల మధ్య అడ్డంగా ఉందంట."

"అట్లనా" అని కాసేపు గోడని చూశాడు. "సరి. మళ్ళీ కట్టేటప్పుడు మా వాళ్ళనే పిలవండి."

కాలేజీ తెరిచారు. నేను గుడ్లు కుళ్ళిన కంపు కొట్టే గ్యాసు తయారుచేసిన మొదటిరోజే ఎకనామిక్స్ పిల్లలు ముక్కులు మూసుకుని వరండాలో పడ్డారు. ఆ శాఖ పెద్దాయన ప్రిన్సిపాల్ దగ్గరికి పరుగెత్తాడు. మేస్త్రీని మళ్ళీ పిలిచారు. గోడ మళ్ళీ లేచింది. ఆచార్యులవారు ఆ వైపే రాలేదు. ఆయన అప్పటికే ఇంకో ఊళ్ళో సదస్సుకి వెళ్ళి, గోడ పడగొట్టిన కథ చెబుతున్నాడు. కట్టిన కథ చెప్పినట్టు నేనెక్కడా వినలేదు.

ఆయన కోస్తా మనిషి. తెలుగంటే మహా ప్రీతి, ముఖ్యంగా ఇతరుల తెలుగు దిద్దడం. మా వైపు తెలుగువాళ్ళం తరతరాలుగా ఇక్కడివాళ్ళం. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం, ఒకే వాక్యంలో రెండూ. చాలామందికి మాట వచ్చు, అక్షరం రాదు. నాకు మా నాయన పట్టుబట్టి నేర్పించాడు గనక నాలుగు ముక్కలు రాస్తాను. ఒకరోజు స్టాఫ్ రూములో "సుద్దముక్కలు యాడ ఉండాయి?" అన్నాను. ఆయన పేపరు దించి, "ఎక్కడ ఉన్నాయి అనాలమ్మా. మీ తెలుగు సంకరమైపోయింది" అన్నాడు. దయగా అన్నాడు. ఆ దయకే నాకు ముందు మంటెక్కింది.

ఇక అసలు సంగతి.

మా పెద్దమ్మ ఊరు గుడియాత్తం దాటాక పాలారు వైపు. మా అమ్మా పెద్దమ్మా పుట్టింది ఆ ఊళ్ళోనే, పెద్దమ్మని మేనరికం ఇచ్చి అక్కడే ఉంచేశారు. భూమి ఉన్న కుటుంబం. చెరుకూ వరీ పండిన భూమి. ఎగువన తోలు షాపులు వచ్చాయి. చర్మాలు పదును చేసే కార్ఖానాలను ఇక్కడ అందరూ అలాగే అంటారు. పరదేశానికి చెప్పులూ బూట్లూ ఎగుమతి పెరిగేకొద్దీ ఆ షాపులు రాత్రింబవళ్ళు నడిచాయి. వాటి నీళ్ళు ఏట్లోకి, ఏట్లోంచి బావుల్లోకి. పెద్దమ్మ బావి నీళ్ళు ముందు ఉప్పెక్కాయి, తర్వాత రంగు తిరిగాయి. నేను లాబ్‌లో చూసి చెప్పేదాకా ఎవరూ ఆగలేదు, ఆవులే ముట్టడం మానేశాయి. ఆడవాళ్ళు ప్లాస్టిక్ బిందెలు చంకనేసుకుని పక్కూరి పొలంలో ఉన్న మోటారు షెడ్డు దగ్గరికి పోయి, ఆ రైతు మనసు బాగుంటే పట్టుకొచ్చేవాళ్ళు, లేకపోతే ఖాళీగా వచ్చేవాళ్ళు.

అప్పుడు చుట్టుపక్కల ఊళ్ళకి మంచినీళ్ళ పైపు వేస్తారని మాట పుట్టింది. అన్ని ఊళ్ళకీ ఒకేసారి చాలదు. ఏ ఊరికి ముందు, ఏ ఊరికి వెనక అన్నది తేల్చడానికి ఒక కమిటీ. ఊళ్ళు తిరిగి జనం మాట విని వచ్చి చెప్పే పని ఆ కమిటీ మా ఆచార్యులవారికి అప్పగించింది. పిల్లలకి చదువూ అవుతుంది, ఊళ్ళకి మేలూ అవుతుందని ఆయన పొంగిపోయాడు. నేనూ పొంగిపోయాను. నీళ్ళ పరీక్షలు చేసేది నేనే గనక నన్నూ బస్సెక్కించారు. పెద్దమ్మ ఊరికి పైపు ఖాయమనుకున్నాను.

ఊరి పొలిమేర దగ్గర ఆయన చెప్పులు విప్పాడు. "ఈ నేలని చెప్పులతో తొక్కకూడదు" అన్నాడు. ఎండాకాలం, ఇసుక నేల. పది అడుగులు గంభీరంగా నడిచి, తర్వాత గెంతడం మొదలుపెట్టాడు. పిల్లలు నవ్వు ఆపుకోలేక చచ్చారు. పెద్దమ్మ ఇంటి అరుగు మీదికి వచ్చి పడేసరికి ఆయన మొహం కందిపోయింది. కొత్తవాళ్ళెవరు వచ్చినా ఆ ఊళ్ళో పెద్దమ్మ అరుగు మీదే కూర్చోబెడతారు. మాట్లాడేదీ ఆమే. మిగతావాళ్ళు కింద నిలబడి వింటారు.

పెద్దమ్మ మజ్జిగ తెచ్చింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టి, సంచీలోంచి సీసా తీసి తాగాడు. పెద్దమ్మ ఆ సీసా వైపు జాలిగా చూసి నా చెవిలో అడిగింది.

"ఏమి పాపా, ఆయనకి ఒళ్ళు సరిలేదా? మందు తాగతా ఉండాడే."

నేను జవాబు చెప్పేలోగా ఆయన ప్రశ్న వేశాడు. పిల్లలందరికీ వినబడేట్టు, ఒక్కో మాటా విడమరచి:

"అమ్మా, మీ ఊరికి మంచినీళ్ళ పైపు అవసరమా?"

ఇక్కడొక మాట చెప్పకపోతే చదివేవాళ్ళకి కథ తెలియదు. మా వైపు తెలుగులో అవసరం అంటే తొందర. అరవంలోని అర్థం ఎప్పుడో వచ్చి మా మాటలో కూర్చుంది. "అవసరంగా పోతా ఉండా" అంటే పరుగు మీద పోతున్నానని. ఒకటి లేనిదే గడవదు అని చెప్పాలంటే "కావాల" అంటాం. కాబట్టి పెద్దమ్మ చెవిన పడిన ప్రశ్న, "పైపు మీకు వెంటనే పడాలా, కాస్త ఆగగలరా?" అని. ఇంటికొచ్చిన పెద్దమనిషి అలా అడిగితే, "ఆఁ, ఇప్పుడే కావాలి" అని మీదపడటం మా వైపు మర్యాద కాదు. ఎంత ఆకలిగా ఉన్నా బంతిలో కూర్చున్నవాడు వడ్డించేవాడితో అనే మాటే ఆమె అంది.

"అవసరం ఏముండాది నాయనా? అవసరం లేదు. వచ్చేటప్పుడు వస్తాది."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఏదైనా మనసుకి నచ్చితే అలా మూసుకోవడం ఆయన అలవాటు. "మళ్ళీ చెప్పండమ్మా" అన్నాడు. పెద్దమ్మ ఆయనకి చెవుడనుకుని గట్టిగా చెప్పింది.

"అవసరం లేదప్పా!"

"విన్నారా?" అని ఆయన పిల్లల వైపు తిరిగాడు. "బావి పాడైంది, నేల పాడైంది, అయినా ఈ తల్లి అవసరం లేదంటోంది. వచ్చేటప్పుడు వస్తుందంటోంది. మనకి ఎన్ని ఉన్నా చాలవు. వీళ్ళకి లేకపోయినా చాలు. సుస్థిరత అంటే ఇది."

నేను లేచాను. "సార్, ఇక్కడ అవసరం అంటే తొందర. ఆమె తొందర లేదంది. నీళ్ళు వద్దనలేదు. కావాలా అని అడిగి చూడండి."

ఆయన నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. "మీరు కెమిస్ట్రీ వాళ్ళు. భాష సంగతి మాకు వదిలెయ్యండి. తెలుగు నా మాతృభాష."

శాస్త్రాల మధ్య గోడలు పడగొట్టించిన మనిషి అన్న మాట ఇది. నేను ఆగలేదు. పెద్దమ్మనే అడిగాను.

"పెద్దమ్మా, నీళ్ళు కావాలనా, వద్దనా?"

"కావాలనే గదా అంటా ఉండా! నీళ్ళు లేకుండా యాడ బతికేది పాపా?"

ఆయన చిరునవ్వు నవ్వి పిల్లలకి నన్ను చూపించాడు. "చూశారా? జవాబు ముందే ప్రశ్నలో పెట్టి అడిగితే ఇలాగే వస్తుంది. జనం మాట్లాడుతున్నప్పుడు మధ్యలో మనం దూరకూడదు. దూరితే అది వాళ్ళ మాట కాదు, మన మాట." పిల్లలు బుద్ధిగా రాసుకున్నారు. ఎలా అడగకూడదో చెప్పే పాఠానికి నేను ఉదాహరణనయ్యాను.

కమిటీ వేలూరు పక్కనే సత్తువాచారిలో ఒక హాల్లో కూర్చుంది. అక్కడ ఆయన ఒక్కో ఊరి మాటా చెప్పుకుంటూ వచ్చి, పెద్దమ్మ ఊరి దగ్గర ఆగి, మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. "ఈ ఊరివాళ్ళు తమకి అవసరం లేదని తమ నోటితోనే చెప్పారు" అన్నాడు. నేను వెనక వరసలోంచి లేచి అడ్డం తగిలాను. మాట అర్థం చెప్పాను. నీళ్ళ పరీక్ష సంగతి చెప్పాను. ఆయన అంతా ఓపిగ్గా విని, సభ వైపు తిరిగి, "ఆవిడ తల్లిగారిది ఆ ఊరే. తల్లివైపువాళ్ళ మీద ప్రేమ ఉండటం సహజం కదా" అన్నాడు. అందరూ నవ్వారు. అంతే. నా పరీక్షలు కూడా ఆ నవ్వులో కొట్టుకుపోయాయి. పైపు వేరే ఊళ్ళకి వెళ్ళింది. ఈ ఊరి సంగతి తర్వాత చూద్దామన్నారు.

ఊళ్ళోవాళ్ళకి ఈ సంగతి తెలిసింది. వాళ్ళకీ అవసరం అంటే తొందరే. కాబట్టి వాళ్ళకి అర్థమైంది ఇంతే: అడిగినాయన ముందు ఈమె తొందర లేదంది, ఆయన అందరికంటే వెనక్కి తోసేశాడు. తమ నీళ్ళు ఆమె నోటినుంచే పోయాయి, నీళ్ళు వద్దన్నట్టే అయింది. మోటారు షెడ్డు దగ్గర పెద్దమ్మ బిందె పెడితే, ఆమె చేతులమీద పెరిగిన పిల్లలే, కోడళ్ళయి వచ్చినవాళ్ళే, "నీకు అవసరం లేదు గదమ్మా, మాకుండాది. తప్పుకో" అనేవాళ్ళు. ఊరికి మాట చెప్పే మనిషి వరసలో చివర నిలబడింది. పంచాయితీకి పిలవడం మానేశారు. పెళ్ళి మాటలకి పిలవడం మానేశారు. కొత్తవాళ్ళు వస్తే ఇంకో ఇంటి అరుగు చూపించారు.

నేను వెళ్ళినప్పుడు నా చెయ్యి పట్టుకుని అడిగింది. "నేను వద్దంటినా పాపా? నువ్వు పక్కనే ఉంటివి గదా."

"ఆయన తెలుగులో అవసరం అంటే వేరే పెద్దమ్మా. మనం కావాల అంటామే, అది."

"అదేమి తెలుగు? అట్లయితే అవసరానికి ఏమంటారు?"

"తొందర అంటారు."

"తొందర అంటే తొంతరవు గదా పాపా, కష్టం గదా!" అని ఆశ్చర్యపోయింది. "ఆయన్నే వచ్చి జెప్పమను. ఊళ్ళోవాళ్ళ ముందర నిలబడి, ఆమె వద్దనలేదు, నేనే తప్పుగా ఇన్నాను అని ఒక్క మాట. నీళ్ళు వచ్చేది రానిది దేవుడికి తెలుసు. నా మాట నాకు రావాల."

ఆ ఒక్క మాట కోసం ఆయన గదికి వెళ్ళాను. గోడ మీది అక్షరాలు రెండుసార్లు చదివాను. లాబ్ పక్కనున్న ఎకనామిక్స్ క్లాసునే ఈమధ్య ఆయన గదిగా, కేంద్రంగా ఇచ్చారు. ఆ కేంద్రానికి ఒక సూక్తి రాయించాడు. మళ్ళీ కట్టిన ఆ గోడ మీదే, పెద్ద తెలుగు అక్షరాల్లో, కింద ఇంగ్లీషులో: అవసరం లేదు. దానికింద, ఒక పాలారు తల్లి మాట. అప్పటికే ఆ మాట సదస్సులన్నీ తిరిగొచ్చింది. తర్వాత పరదేశం నుంచి వచ్చినవాళ్ళు దాని ముందు నిలబడి ఫోటోలు దిగారు. మా పిల్లలు మాత్రం పరీక్షలు వాయిదా పడినప్పుడు దాన్ని చూపించి నవ్వుకునేవాళ్ళు.

పెద్దమ్మ అడిగింది చెప్పాను. వరసలో చివర నిలబడుతున్న సంగతీ చెప్పాను. ఆయన వేళ్ళలో వేళ్ళు దూర్చి, బల్లమీద పెట్టుకుని విన్నాడు. నిజంగానే ఆ భంగిమలో ఎవరు చూసినా వింటున్నాడనే అనుకుంటారు.

"తప్పూ ఒప్పూ అనేవి పాత చదువు మాటలమ్మా" అన్నాడు. "ఆమె ఒకటి అనుకుని ఉండొచ్చు. నేను ఒకటి వినుండొచ్చు. ఆ రెండింటి మధ్య కొత్త జ్ఞానం పుట్టింది. దాన్ని కాదనుకుంటామా?"

"కొత్త జ్ఞానం మీకు పుట్టింది సార్. ఆమెకి నీళ్ళు పోయాయి."

"మీకు కోపం ఎక్కువ" అన్నాడు. నిజమే, ఎక్కువే. ఆయనకి అసలు లేదు, ఉండవలసినచోట కూడా లేదు. కాసేపు ఆలోచించి మొహం వెలిగించుకున్నాడు. "ఆమెని ఇక్కడికే పిలుద్దాం. వేదిక మీద సన్మానం చేద్దాం. ఆమె గురువు, మనం శిష్యులం."

నేను వద్దన్నాను. పెద్దమ్మే వస్తానంది. "నలుగురి ముందర అడిగితే కాదనలేడు పాపా" అంది. పెట్టె అడుగునున్న కంచిపట్టు చీర కట్టుకుని, గుడియాత్తం బస్సులో వేలూరొచ్చింది. ఆయన శాలువా కప్పాడు. కాళ్ళకి దండం పెట్టాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. మైకు ముందుకి జరిపాడు. పెద్దమ్మ మైకుకి భయపడలేదు, శాలువా కొస పట్టుకుని చూపించింది.

"అయ్యా, నాకు ఈ తుణి వద్దు. మా ఊరికి ఒకసారి రా నాయనా. మా వాళ్ళ ముందర నిలబడి, ఈమె నీళ్ళు వద్దనలేదు అని ఒక మాట జెప్పు. ఇంక నేనేమీ అడగను."

ఆయన చేతులు జోడించి, "తప్పకుండా వస్తానమ్మా. మీరు పిలిస్తే రాకపోవడమా? ఎప్పుడు రమ్మంటారు, చెప్పండి" అన్నాడు.

ఎంత మెత్తగా అడిగాడో. అంత మర్యాదగా ఆమెతో ఎవరూ మాట్లాడి చాలా కాలమైంది. పెద్దమ్మ మొహం విప్పారింది. వయసంతా అలవాటైన మర్యాద నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

"అవసరం లే..."

సగంలో నాలిక కరుచుకుంది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. కానీ హాల్లో అప్పటికే చప్పట్లు మొదలైపోయాయి. పిల్లలు లేచి నిలబడి కొట్టారు. ఆయన కళ్ళు మూసుకున్నాడు. పెద్దమ్మ నా వైపు చూసింది. నేను వేదిక దగ్గరికి తోసుకుంటూ వెళ్ళి అరిచాను, ఆమె ఇంకా చెప్పలేదని, చెప్పనివ్వమని. చప్పట్లలో నా గొంతు నాకే వినబడలేదు. తర్వాతి కార్యక్రమం మొదలుపెట్టేశారు.

ఆయన రాలేదు. ఒకసారి గుర్తు చేశాను, చాలాసార్లు గుర్తు చేశాను. "ఆమే తొందర లేదన్నది కదా" అన్నాడు ఒకరోజు. ఆ మాట అర్థం అప్పటికి ఆయనకి బాగానే తెలిసిందన్నమాట. తనకి కావలసినచోట తెలిసింది. ఆ రోజు నుంచి ఆయన ఎదురైతే నేను తల తిప్పుకుని పోయాను. తర్వాత ఆయన ఇంకా పెద్ద చోటికి వెళ్ళాడు. పైపు ఆ ఊరికి ఏళ్ళు గడిచాక వచ్చింది. ఎవరి మాటవల్లా కాదు, అన్ని ఊళ్ళూ అయిపోయాక మిగిలింది గనక వచ్చింది.

పెద్దమ్మ ఆ సన్మానం తర్వాత కొత్తవాళ్ళతో తెలుగు మాట్లాడటం మానేసింది. ఓటర్ల లెక్కలకి వచ్చినవాళ్ళు తెలుగువాళ్ళయినా అరవంలోనే జవాబు చెప్పేదట. తర్వాత కోడళ్ళతో మానేసింది. తర్వాత మనవలతో. లాలిపాటలు, తిట్లు, దేవుడి మొక్కులు, అన్నీ తెలుగులో నేర్చిన మనిషి. తన మాట తనకే ద్రోహం చేసిందనుకుందో ఏమో, నేను అడగలేదు.

ఒక వేసవిలో వెళ్ళాను. ఎండలో నడిచి వచ్చి అరుగు మీద కూలబడ్డాను. పెద్దమ్మ లోపల్నుంచి చెంబుతో వచ్చి నా ఎదురుగా నిలబడింది. నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి, నాకు మాటలు నేర్పిన మనిషి. నన్ను పైనుంచి కిందికి చూసి, చదువుకున్నవాళ్ళతో మాట్లాడే జాగ్రత్తతో అడిగింది.

"తణ్ణి వేణుమా?"

నీళ్ళు కావాలా అని. నాకు ఏడుపొచ్చింది. ఆయన చేసిన వాటిలో దీనికి మాత్రం నా దగ్గర క్షమాపణ లేదు, ఆయన పోయినా లేదు. ఆమె చెంబు పట్టుకుని జవాబు కోసం నిలబడి ఉంది. నేనూ అరవంలోనే, "వేణుం పెద్దమ్మా" అన్నాను.